ఇంటి తుపాకికి తగిన తాళము

(మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మనవారిలో భూమిని నమ్ముకొనిన కుటుంబములు నేటికిని అనేకము కలవు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందును, బళ్ళారి సీమయందును, రాయగడ, కొరాపుట్టు మన్యములందును పెద్దల నాడు పంట కాపుదలకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొంది తుపాకి ఉంచుకొనిన యిండ్లు కలవు. కొన్నింట గొట్టము మూతినుండి మందు కూరు పాతకాలపు తుపాకి, కొన్నింట పన్నెండు బోరు జంటగొట్టముల తుపాకి, మరికొన్నింట ఇషాపూరు కర్మాగారమున తయారైన .315 బోరు రైఫిలు ఉండును. పూర్వము దానిని చావడి గోడకు వ్రేలాడగట్టుట గౌరవచిహ్నముగా భావించెడివారు. ఆ పద్ధతికి కాలము చెల్లినది. తుపాకి తాళములో ఉండవలెను. ఏ తాళమనునదియే నేటి ప్రశ్న.

తాళము కొనుటకు ముందు, అది ఎవరిని ఆపవలెనో నిర్ణయించుకొనవలెను. ఆపవలసినవారు ఇద్దరు. ఒకడు వెలుపలినుండి వచ్చు దొంగ. రెండవవారు ఇంటిలోనివారే: కుతూహలము గల బిడ్డ, కోపము వచ్చిన యువకుడు, బ్రతుకుపై విరక్తి కలిగిన మనిషి. దొంగను గూర్చి అందరమును ఆలోచింతుము. ఇంటివారిని గూర్చి ఆలోచించుటకు మనసొప్పదు. ఆ సంకోచమే అపాయమునకు మూలము.

తాళములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది మీటకు వేయు తాళము. రెండు భాగములుగా ఉండి, మీట చుట్టునున్న కమ్మీని ఇరువైపులనుండి పట్టి బిగించును. వెల స్వల్పము. కాని తుపాకిలో తూటా వేయుటను ఇది ఆపజాలదు. పైగా తూటా ఉన్న తుపాకికి దీనిని తగిలింపబోయిన, లోపలి చీల మీటకు తగిలి తుపాకి ప్రేలవచ్చును. కనుక తూటా ఉన్న తుపాకికి దీనిని ఎన్నడును వేయరాదు.

రెండవది ఉక్కుతీగతో అల్లిన త్రాటి తాళము. రైఫిలు బోల్టును వెనుకకు లాగి, తూటాగది ఖాళీ అని కంటితో చూచి, వ్రేలితో తడిమి, ఆ తెరచిన ద్వారము గుండా త్రాటిని దూర్చి తాళము వేయవలెను. త్రాడు అడ్డముగా ఉన్నంతవరకు బోల్టు మూతపడదు, తుపాకి ప్రేలదు. జంటగొట్టముల తుపాకికైనచో దానిని విరిచి, గొట్టము గుండానే త్రాటిని పంపవచ్చును. ఇంటిలోనివారి చేతినుండి కాపాడుటకు మీట తాళముకంటె ఇది మేలు. అయినను దొంగ తుపాకిని త్రాటితో సహా ఎత్తుకొనిపోవచ్చును. పెద్ద కత్తెరతో తరువాత త్రాటిని తెంచవచ్చును.

మూడవది ఉక్కు పెట్టె లేక బీరువా. దొంగకును ఇంటివారికిని కలిపి సమాధానము చెప్పునది ఇదియే. కాని బట్టలు పెట్టు పలుచని రేకు బీరువా దీనికి చాలదు. రేకు దళసరిగా ఉండవలెను. తలుపు మూసినపుడు గడియలు ఒక్కచోట గాక పలుచోట్ల పడవలెను. మడతబందులు వెలుపలికి కానరాకుండవలెను. పెట్టెను లోపలినుండి గోడకును నేలకును బోల్టులతో బిగింపవలెను. బిగింపని పెట్టెను ఇద్దరు మనుష్యులు మోసికొనిపోగలరు. కొనుటకు ముందు తుపాకి నిడివి కొలుచుకొనుట మరువరాదు. యానాము, గంజాము వంటి తీరప్రాంతములవారు పెట్టెలో తేమ పీల్చు పొట్లములు ఉంచవలెను. తోలు సంచిలో పెట్టి దాచిన తుపాకి త్వరగా త్రుప్పు పట్టును.

బోల్టు ఊడదీయుటకు వీలైన రైఫిలుకు మరొక ఉపాయము కలదు. బోల్టును తీసి వేరొక తాళములో ఉంచినచో, మిగిలినది ప్రేలజాలని కఱ్ఱయు ఇనుమును మాత్రమే. తూటాలను ఎట్లును వేరుపెట్టెలో, వేరు తాళముతోనే ఉంచవలెను.

ఇక తాళపుచెవి మాట. మన యిండ్లలో తాళపుచెవులకు నిర్ణీత స్థానములు కలవు: దేవుని పటము వెనుక, బియ్యపు డబ్బాలో, ద్వారబంధము పైన, లేదా పెద్దావిడ బొడ్డున దోపుకొనిన గుత్తిలో. ఈ స్థానములు ఇంటిలోని ఎనిమిదేండ్ల బిడ్డకును తెలియును. వేలు పోసి కొనిన ఉక్కు బీరువా తాళపుచెవి పటము వెనుక ఉన్నచో, ఆ బీరువా లేనట్లే. తుపాకి తాళపుచెవి గుత్తిలో చేరరాదు. లైసెన్సుదారు ఒంటిని విడువరాదు. రెండవ చెవిని బ్యాంకు లాకరులో ఉంచుట మంచిది. అంకెల తాళమైనచో పుట్టినతేదీ, బండి నెంబరు పనికిరావు. వ్రేలిముద్రతో తెరచుకొను తాళములలో బ్యాటరీ అయిపోయినపుడు వాడుటకు విడిచెవి ఇత్తురు. దానికిని ఇదే నియమము.

ఇంత జాగ్రత్త అవసరమా అని అడుగువారు ఉందురు. 2005లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. తుపాకిని ఖాళీగా ఉంచుట, తాళము వేయుట, తూటాలకును తాళము వేయుట, రెండింటిని వేరుచేయుట అను ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటియు పిల్లలును యువకులును తమను తాము కాల్చుకొనుటను, పొరపాటున గాయపడుటను తగ్గించుటతో ముడిపడియున్నట్లు అందు తేలినది. కారణము ఊహింపవచ్చును. చావవలెనను ఆవేశము పెక్కుసార్లు స్వల్పకాలమే నిలుచును. ఆ కొద్దిసేపు దాటించుటకు తాళము తోడ్పడును. ఇంట ఎవరైనను తీవ్రమైన మనోవ్యథలో ఉన్నపుడు తాళమును మాత్రమే నమ్ముకొనక, తుపాకిని పోలీసు స్టేషనులోనో, అనుమతి గల ఆయుధ వ్యాపారివద్దనో భద్రపరచి, ఆ మనిషిని వైద్యుని వద్దకు తీసికొనిపోవుడు. ఇందులో పరువు తక్కువ ఏమియు లేదు.

చట్టమును గూర్చి ఒక్క మాట. లైసెన్సు మనిషికి చెందినది, ఇంటికి చెందినది కాదు. లైసెన్సుదారు గతించిన పిదప, తండ్రిగారి గుర్తు అని తుపాకిని పెట్టెలో అట్లే ఉంచుకొనుట నేరమగును. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము దానిని ఆలస్యము చేయక పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల వ్యాపారివద్దనో అప్పగింపవలెను. వారసుడు తన పేర లైసెన్సు పొందిన పిదపనే తిరిగి తెచ్చుకొనవలెను. కావున పెట్టె ఎక్కడున్నదో, లైసెన్సు కాగితములు ఎక్కడున్నవో, తాను లేనపుడు ఎవరిని పిలువవలెనో యజమాని ముందుగానే ఇంటివారికి చెప్పియుంచవలెను. తాళపుచెవి ఉన్నచోటు మాత్రము చెప్పనక్కరలేదు.

మీలో తుపాకి గలవారు నేటి రాత్రియే మూడు పనులు చేయుడు. తూటాగది ఖాళీయా అని చూడుడు. తూటాలను వేరు తాళములోనికి మార్చుడు. తాళపుచెవి ఎక్కడున్నదో ఇంటిలో ఎందరికి తెలియునో లెక్కించుడు. ఆ లెక్క ఒకటికి మించినచో, రేపు బజారుకు పోయి క్రొత్త తాళము కొనుడు.