ఒక బంతి, ఇరువది మంది పిల్లలు

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగము)



పంచాయతీ సమావేశములలో మనము మంచినీటిని గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు తరచు మాటలాడుకొనుచుందుము. అవి మాటలాడుకొనవలసినవే. నేడు నేను పిల్లల ఫుట్‌బాల్ ఆటను గూర్చి మనవి చేయ వచ్చితిని. ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని గ్రామము పిల్లలకై విడిచిన స్థలము, వెచ్చించిన సొమ్ము, సాయంకాలపు ఒక గంట కాలము, ఈ మూడును నిజముగా పిల్లలకు దక్కుచున్నవా లేదా అనునది పంచాయతీ విచారింపవలసిన ప్రశ్నయే.

కొన్నాళ్ల క్రిందట పారిశ్రామికవాడను ఆనుకొనియున్న ఒక గ్రామమునకు పోయితిని. సాయంకాలము ఐదు గంటలైనది. మైదానములో 20 మంది పిల్లలు ఒకే వరుసలో నిలిచియున్నారు. ముందు ఒకే బంతి. శిక్షణ ఇచ్చు యువకుడు ఉత్సాహవంతుడు, నిస్వార్థపరుడు. ఒక్కొక్కరు వచ్చి బంతిని తోసికొనుచు పోయి, గోలులోనికి కొట్టి, మరల వరుస చివర నిలుచుచున్నారు. చివర నిలిచిన ఒక బాలుడు నేలపై పుల్లతో గీతలు గీయుచుండెను. ఒడిశా నుండి పనికై వచ్చిన కార్మికుని కుమారుడు. శిక్షణ ముగిసిన పిమ్మట, "బాబూ, నేడు ఎన్నిసార్లు బంతి తన్నితివి?" అని అడిగితిని. "ఆరుసార్లు సార్. రెండుసార్లు బయటికి పోయింది" అనెను.

ఇంటికి పోవుచు లెక్క వేసితిని. ఒక్కొక్కరి వంతుకు అర నిమిషము పట్టును. 20 మందికి 10 నిమిషములు. గంటలో ఒక బాలునకు వచ్చునవి 6 వంతులు, అనగా 3 నిమిషములు. తక్కిన 57 నిమిషములు వాడు నిలువబడుటకే వచ్చినాడు! సేద్యములో ఇట్టి లెక్క వచ్చినచో మనము ఊరకుందుమా? నీరు కాలువలోనే ఇంకిపోయి మడిలోని మొక్కకు అందకున్నచో, ఎంత నీరు వదలితిమన్నది లెక్కలోనికి రాదు గదా!

ఈ దోషము ఆ యువకునిది మాత్రమే కాదు. నా తప్పును కూడ మీ ముందు ఒప్పుకొనుచున్నాను. వెనుక ఒక పర్యాయము గ్రామీణ క్రీడోత్సవము జరిపించు బాధ్యత నాకు వచ్చినది. షామియానాకు, మైకులకు, పెద్ద కప్పునకు సొమ్మంతయు వెచ్చించితిని. ఉత్సవము ముగిసిన మరునాడు మైదానములో మిగిలినది ఒక బంతి. అదియు గాలి దిగినది. కప్పు ఒక గ్రామపు బీరువాలో చేరినది. పిల్లలకు మాత్రము ఏమియు నేర్పలేదు. పోటీ పెట్టుట వేరు, ఆట నేర్పుట వేరు అని నాకు అప్పుడే తెలిసివచ్చినది.

ఆట నేర్పుట యన నేమో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. పటాన్‌చెరు నుండి బస్సులో పోదగిన హైదరాబాదు నగరములోనే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు ఉండిరి. వారు 1909లో జన్మించిరి. వృత్తిచేత బడి ఉపాధ్యాయులు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచినది. వారి ఆధ్వర్యవములో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి నాలుగవ స్థానమున నిలిచినది. రహీమ్ గారు 1963లో దివంగతులైరి.

ఇంతటి విజయములకు మూలమైన పని చిన్న మైదానములలో జరిగినది. కుర్రవాండ్రలో అధికులు కుడికాలితోనే ఆడుదురని గమనించి, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో రహీమ్ గారు పోటీలు పెట్టిరి. బంతిని తనవద్దనే ఉంచుకొని పరుగెత్తుట మానుకొని, వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో మరికొన్ని పోటీలు పెట్టిరి. "ఎడమకాలు వాడుము" అని వందసార్లు చెప్పుటకంటె, ఎడమకాలు వాడక తప్పని ఆటను పెట్టుట మేలని ఆ ఉపాధ్యాయునకు తెలియును. నేను చెప్పదలచిన విషయమంతయు ఇందులోనే యున్నది. ఒక్కొక్క ఆటగాని నైపుణ్యము తనంతట తాను పెరుగదు. దానిని ముందుగా ఆలోచించి, ఆ దినపు ఆటలోనే అమర్చవలెను.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ బీద కుటుంబమువాడు. రహీమ్ గారు అతనిని గుర్తించి చేరదీసిరి. అతడు 1956, 1960 ఒలింపిక్సులలో ఆడెను. 1960లో రోము నగరమున హంగేరీపైనను, పెరూపైనను గోలులు చేసెను. 2023లో కాలధర్మము నొందెను. వరుస చివర పుల్లతో గీతలు గీయు పిల్లలలో ఇంకొక బలరామ్ ఉండెనో లేదో ఎవరు చెప్పగలరు? ఉన్నను, బంతి కాలికి తగులనిచో అతడు బయటపడుట ఎట్లు?

ఇక మన గ్రామములలో ఏమి చేయవచ్చునో మనవి చేసెదను.

మొదటిది స్థలము. "మాకు పెద్ద మైదానము లేదు" అని పలువురు చెప్పుదురు. పెద్దవారి అంతర్జాతీయ మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండును. అది సుమారు 70 గుంటలు, అనగా ఒకటిముప్పాతిక ఎకరము. పారిశ్రామికవాడల నడుమ ఇంత స్థలము దొరకుట కష్టమే. కాని నేర్చుకొను పిల్లలకు అది అక్కరలేదు. 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల చోటు 4 గుంటలకు లోపే. అట్టివి రెండున్నచో 20 మంది పిల్లలు జట్టుకు ఐదుగురు చొప్పున ఒకేసారి ఆడవచ్చును. 2022 జూన్ 2న మన రాష్ట్రములో తెలంగాణ క్రీడా ప్రాంగణముల పథకము ఆరంభమైనది. దానిక్రింద పలు గ్రామములలో స్థలములు గుర్తింపబడినవి. చిన్న స్థలములో ఆడుట తక్కువ ఆట కాదు. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఒక ఉపాధ్యాయుడు చిన్న కోర్టులో ఆడుటకై ఫుట్సాల్ అను ఆటను రూపొందించెను. దక్షిణ అమెరికా మేటి ఆటగాండ్రు పలువురు బాల్యమున ఆ ఆటలోనే ఆరితేరిరి. స్థలము ఇరుకైనకొలది బంతి పిల్లవాని కాలికి తరచు వచ్చును.

రెండవది బంతులు. ఇద్దరు పిల్లలకు ఒక బంతియైన ఉండవలెను. 8 ఏండ్లలోపు వారికి 3వ సైజు, 8 నుండి 12 ఏండ్ల వరకు 4వ సైజు, ఆపైవారికి 5వ సైజు బంతి తగును. పెద్ద బంతిని చిన్నపిల్లలకిచ్చినచో కాలు నొచ్చును, నేర్పు రాదు. గురుతులకు ఇటుకముక్కలు వలదు. పడినచో గాయములగును. ఇసుక నింపిన పాత ప్లాస్టిక్ సీసాలు చాలును.

మూడవది గంటకు ప్రణాళిక. శిక్షకుడు మైదానమునకు రాకముందే పుస్తకములో మూడు మాటలు వ్రాసికొనవలెను. నేడు నేర్పు నైపుణ్యమేది? అది ప్రతి పిల్లవానికి ఎట్లు అందును? అందినదని నాకెట్లు తెలియును? ఒక దినమునకు ఒక నైపుణ్యమే చాలును.

ఉదాహరణమునకు, నేటి పాఠము ఎడమకాలితో బంతిని ఆపి అందించుట అనుకొందము. మొదటి 10 నిమిషములు పిల్లలు జంటలుగా, ఒకరి తరువాత ఒకరు, బంతిని కాలితో తోసికొనుచు గీతల లోపల తిరుగవలెను. ఈల విన్నంతనే పాదము క్రింద బంతిని ఆపవలెను. తరువాతి 15 నిమిషములు జంటలోని ఇద్దరును 5 మీటర్ల ఎడముగా నిలిచి, ఎడమకాలితోనే ఆపి, ఎడమకాలితోనే అందించుకొనవలెను. నేర్చినవారు ఎడము పెంచుకొందురు, రానివారు తగ్గించుకొందురు. అందరికి ఒకే కొలత పెట్టరాదు. పిమ్మట 15 నిమిషములు ఒకరికి ఒకరు ఎదురు నిలిచి, బంతితో అవతలి గీత దాటుటకు ప్రయత్నింపవలెను. ఆపై 15 నిమిషములు చిన్న జట్లుగా ఆట. ఎడమకాలితో చేసిన గోలునకు రెండు గోలుల లెక్క. చివరి 5 నిమిషములు మెల్లగా నడచి, నీరు త్రాగి, ఎవరికి ఏమి వచ్చినదో చెప్పుకొనవలెను. ఈ గంటలో వరుసలో నిలుచు పని లేదు. వారమునకు 3 దినముల చొప్పున రెండేసి వారములు ఒక్కొక్క నైపుణ్యమును నేర్పినచో, 12 వారములలో 6 నైపుణ్యములు పూర్తియగును.

శిక్షకుడు ఆటను మాటిమాటికి ఆపి ఉపన్యసింపరాదు. ఒకమారు చేసి చూపి, పిల్లలను చేయనీయవలెను. మన ప్రాంతమున తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ మాటలాడు ఇండ్ల పిల్లలు కలిసి ఆడుదురు. చేసి చూపినది అందరికి అర్థమగును. 10 ఏండ్లలోపు వారిచేత తలతో బంతిని కొట్టింపవలదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే చిన్నపిల్లలకు దీనిని నిషేధించినది.

ఈ పనులలో పంచాయతీ వంతు ఏది? బంతి తన్నుట నేర్పు పని వ్యాయామోపాధ్యాయునిది, ఆట తెలిసిన యువకులది. మీ కర్మాగారములలో పనిచేయు యువకులలో ఫుట్‌బాల్ ఆడి వచ్చినవారుందురు, విచారింపుడు. మైదానములో కంకర, ఇసుక, ఇటుకలు పోయకుండ కాపాడుట పంచాయతీ పని. ఇనుప ముక్కలు, గాజు పెంకులు ఏరించుట, రహదారి వైపు కంచె వేయించుట పంచాయతీ పని. కప్పు కొనకముందు బంతులు కొనవలెనని తీర్మానించుట పంచాయతీ పని. బాలికలకు వారమున కొన్ని దినములు నిర్ణయించి, ఆ సమయమున మైదానము వారిదేనని ఊరికి చెప్పుట ముఖ్యముగా పంచాయతీ పని. ఆ మాట ఒక సభ్యురాలు మైదానములో నిలిచి చెప్పినచో, ఇంటివారికి ధైర్యము కలుగును.

సోదరులారా, సోదరీమణులారా! నేను తిరిగి ఆ గ్రామమునకు పోయి, ఆ యువకునితో ఈ లెక్క చెప్పితిని. అతడు కొంతసేపు మౌనముగా నుండి, "వరుసలో నిలబెడితే క్రమశిక్షణ అనుకున్నాను సార్" అనెను. తరువాత కొందరు యువకులు చందా వేసికొని 6 బంతులు కొనిరి. అవి ఇంకను చాలవు. పంచాయతీ మిగిలినవి ఇచ్చునా యని వారు ఎదురు చూచుచున్నారు.

మీకు నా విన్నపము ఒక్కటే. వచ్చే సమావేశమునకు ముందు ఒక సాయంకాలము మీ ఊరి మైదానమునకు పొండు. గౌరవాతిథిగా కాదు, ఊరక పొండు. అందరికంటె చిన్నవాడైన పిల్లవానిని, లేదా గట్టుమీద నిలిచి చూచుచున్న బాలికను ఎన్నుకొని, గంటలో ఎన్నిసార్లు బంతి ఆ కాలికి తగిలినదో లెక్కింపుడు. ఆ అంకెను సమావేశములో చెప్పుడు. ఏమి తీర్మానింపవలెనో ఆ అంకెయే మీకు చెప్పును.