మన ఆవులకు ఎన్ని గోత్రాలు?

(కనుమ పండుగ నాడు మన ఆలయ సభామందిరంలో సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పశువైద్యుణ్ణి. ముప్ఫై ఏళ్లు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పనిచేసి, రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి టెక్సస్ వచ్చాను. "కనుమ కదా డాక్టరుగారూ, గోవు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కమిటీవారు. గోమహాత్మ్యం మన పూజారిగారు నాకంటే బాగా చెబుతారు. నేను ఆవు ఒంటి గురించి, వంశం గురించి చెబుతాను.

2023లో బ్రెజిల్‌లో వయాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటాను వేలం వేశారు. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. "మన ఒంగోలు ఆవే!" అని మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. నిజమే. బ్రెజిల్‌వాళ్లు ఆ జాతిని నెలోర్ అంటారు. 19వ శతాబ్దంలో ఆ పశువులు ఓడలెక్కేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ పేరే నిలిచిపోయింది. అయితే అక్కడ వాటిని పెంచేది ప్రధానంగా మాంసం కోసం. ఆ మాట దాచిపెట్టి గర్వపడటం సరికాదు.

ఇక్కడ హైవే పక్కన మూపురం ఉన్న ఆవులు చూసే ఉంటారు. వాటిని బ్రాహ్మన్ అంటారు. గిర్, గుజరాత్ కాంక్రేజ్‌లతో పాటు మన ఒంగోలు రక్తమూ వాటిలో ఉంది. 1924లోనే వాటి పెంపకందార్లు సంఘం పెట్టుకున్నారు.

వీళ్లంతా మన పశువులను ఎందుకు కోరుకున్నారు? ఎండ కోసం. ఒంగోలు ఆవుకి పైన పొట్టి తెల్ల వెంట్రుకలు, కింద నల్లటి చర్మం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నలుపు చర్మాన్ని కాలిపోకుండా కాపాడుతుంది. చెమట గ్రంథులు పెద్దవి. ఒంట్లో పుట్టే వేడి తక్కువ. పిడుదుల బాధా తక్కువే. మే నెలలో సంకరజాతి ఆవు నోరు తెరిచి రొప్పుతూ, మేత మాని, పాలు తగ్గించేస్తుంది, చూలు కట్టదు. పక్కనే ఒంగోలు ఆవు చెట్టు కింద నెమరు వేస్తూ ఉంటుంది. ఇది నేను ఏటా చూసిన దృశ్యం. 2015 మేలో తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మనుషులే పోయారు. అలాంటి వేసవులు ఇక ముందు పెరుగుతాయి.

మరి మన రైతు ఆ ఆవును ఎందుకు వదిలేశాడు? పాలు తక్కువ. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకి పని పోయింది. జొన్న వేసిన నల్లరేగడిలో పొగాకు, పత్తి వచ్చి చొప్ప కరువైంది. రైతుది తప్పు అనలేం. పిల్లల ఫీజులు భక్తితో కట్టలేడు కదా.

ఇప్పుడు గోత్రం సంగతి. గోత్రమంటే మొదట ఆవుల దొడ్డి అనే అర్థమని పండితులు చెబుతారు. మనం సగోత్రీకులను చేసుకోం. మీ ఫ్రిజ్‌లోని పాలు బహుశా హోల్‌స్టీన్ ఆవువి. అమెరికాలో ఆ జాతి ఎద్దులన్నిటి తండ్రి వరుస వెనక్కి వెళితే, దాదాపు అన్నీ 19వ శతాబ్దంలో పుట్టిన రెండే రెండు ఎద్దుల దగ్గర ఆగుతాయి. అంటే లక్షల ఆవులకు రెండే గోత్రాలు! పాలు పెరిగాయి, కానీ కొత్త రోగమో కొత్త వేడిమో వస్తే తట్టుకునే గుణం కోసం వెతుక్కోవడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. చివరికి కరీబియన్ దీవుల సెనెపోల్ ఆవుల నుంచి పొట్టి, నున్నటి వెంట్రుకల జన్యువును హోల్‌స్టీన్‌లోకి తెచ్చుకున్నారు. ఎక్కడో దీవిలో ఎవరో ఆ ఆవును కాపాడుకున్నారు కాబట్టి అది దొరికింది.

మనకూ అలాంటి నిధి ఉంది. పొట్టి పుంగనూరు, నల్లమల పొడ తూర్పు, దేవణి, నెల్లూరు గొర్రె, దక్కనీ గొర్రె. ఒక్కో దానిది ఒక్కో ఓర్పు. అయితే ఒకే జాతిలోనూ అన్ని పశువులూ ఒకటి కావు. ఒకే ఎద్దు వీర్యాన్ని ఊరూరా వాడితే, ఒంగోలు ఆవులు వేలుగా ఉన్నా గోత్రం ఒక్కటే అవుతుంది.

అందుకే నాదొక మనవి. మనలో చాలామంది ఊళ్లో గోశాలలకు డబ్బు పంపుతాం. ముసలి ఆవులకు మేత వేయడం పుణ్యమే, ఆపొద్దు. కానీ దాంతోనే జాతి నిలవదు. ఈసారి పంపేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇవి ఏ జాతి ఆవులు? ఒకదానికొకటి బంధుత్వం లేని ఆబోతులు ఎన్ని ఉన్నాయి? పుట్టిన పెయ్యలు రైతుల ఇళ్లకు చేరుతున్నాయా? సరైన జవాబు వస్తే, కొంత సొమ్ము మేలుజాతి ఆబోతునో పెయ్యనో పెంచే రైతు పేరున కేటాయించమని చెప్పండి. రైతు దొడ్డిలో ఉంటేనే జాతి బతుకుతుంది.

చిన్నప్పుడు కనుమ నాడు మా నాన్నగారు ఎద్దులను చెరువులో కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో మువ్వలు కట్టేవారు. పొద్దున తమ్ముడికి ఫోను చేశాను. "కనుమ చేశార్రా?" అన్నాను. "చేశామన్నయ్యా. ట్రాక్టరుకి పసుపు, కుంకుమ పెట్టాం" అన్నాడు. దొడ్లో పశువు లేదు.

మా దొడ్డి సంగతి నేను చూస్తాను. మీ ఊరి దొడ్డి సంగతి మీరు ఒక్కసారి అడగండి.