మాల్టా డేగ

పింకర్టన్ అను ప్రైవేటు గూఢచారి సంస్థలో ఉద్యోగము చేసి, నేరప్రపంచమును ప్రత్యక్షముగా గాంచిన అమెరికా రచయిత డాషియల్ హామెట్, తొలుత ‘బ్లాక్ మాస్క్’ అను చవుకధర కథాపత్రికలో ధారావాహికముగా వెలువరించి, 1930లో గ్రంథరూపమున ప్రకటించిన అపరాధపరిశోధక నవల ‘ది మాల్టీస్ ఫాల్కన్’. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, రత్నఖచితమని ప్రసిద్ధిగన్న ఒక డేగప్రతిమకై దురాశాపరులు పరస్పరము వంచించుకొనుటయు, తుదకు తమకు దక్కినది సీసపు బొమ్మయని తేలుటయు ఇందలి కథ.

కథకంటెను నన్ను ముగ్ధుని జేయునది కథనరీతి. రచయిత ఏ పాత్ర మనస్సులోనికిని మనలను కొనిపోడు. అర్ధరాత్రమున భాగస్వామి మరణవార్త టెలిఫోనులో విన్న నాయకుడగు ప్రైవేటు గూఢచారి శామ్ స్పేడ్, మాటాడక, అతిజాగరూకతతో సిగరెట్టు చుట్టుకొనుచుండగా, ఆ వ్రేళ్ల కదలికనుండియే అతని అంతరంగమును మనము గ్రహింపవలసియున్నది. తాను వలచినట్లే తోచిన స్త్రీయే హంతకియని యెఱిగి, ఆమెను పోలీసులకప్పగించునపుడు సయితము ఆ హృదయము పూర్తిగా విప్పబడదు, ఎంతటి నిగ్రహము!

ప్రఖ్యాత విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఈ నవలను చిన్నచూపు చూచెను. అపరాధపరిశోధక నవలాకారుడైన రేమండ్ చాండ్లర్ మాత్రము 1944లో వ్రాసిన సుప్రసిద్ధ వ్యాసమున, హత్యాకథను సంపన్నుల విలాసమందిరములనుండి వీథులలోని యథార్థజీవితమునకు మరలించిన ఘనత హామెట్‌దేయని కీర్తించెను. చాండ్లర్ తీర్పే న్యాయ్యమని నా దృఢవిశ్వాసము.