గిన్నె ఎవరిదైనా బల్ల ప్రభువుదే

(ఆగమన కాలపు మొదటి ఆదివారం సాయంత్రం, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో స్త్రీల సమాజం, యౌవనుల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం క్రిస్మస్ వంటల గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు నవ్వారు. "అయ్యగారికి ఉల్లిపాయ తరగడం వచ్చా?" అని ఒక అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాలుగేళ్ళ క్రితం వరకు రాదు. సెమినరీలో గ్రీకు నేర్పారు, హెబ్రీ నేర్పారు. పొయ్యి ముందు నిలబడడం ఎవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు. అయినా ఈ రోజు ఈ మాటే ఎందుకు ఎత్తుకున్నామంటే, మన సంఘంలో న్యాయం ఉందో లేదో తెలుసుకోవాలంటే పుల్పిట్ వైపు చూస్తే చాలదు, వంటింటి వైపు కూడా చూడాలి.

బేత్లెహేము అనే మాటకు హెబ్రీలో రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డను పడుకోబెట్టింది పశువులు మేత తినే తొట్టిలో. అంటే మన పండుగ తిండి ఉన్న చోటే మొదలైంది. ఇక లూకా 14వ అధ్యాయం తీయండి. ఒకే అధ్యాయంలో ప్రభువు రెండు సంగతులు చెప్పాడు. విందు చేస్తే తిరిగి పిలవగలిగిన వాళ్ళను కాదు, పిలవలేని బీదలను పిలవమన్నాడు. ఆ తర్వాత, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు. ఎవరిని పిలవాలో, ఎంత ఖర్చవుతుందో రెండూ ముందే ఆలోచించాలి. మనం మాత్రం రెండూ 24వ తేదీ రాత్రికి వదిలేస్తాం.

మొదట ఖర్చు సంగతి. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. అప్పటినుంచి మన ఇళ్ళ జీతం బెంగళూరు నుంచే వస్తోంది. తెల్లవారక ముందే మారికుప్పంలో రైలెక్కి, గార్మెంట్స్‌లో, ఆసుపత్రుల్లో, మాల్స్‌లో పనిచేసి, చీకటిపడ్డాక తిరిగొచ్చే అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ జీతంమీద యౌవనుల క్రిస్మస్, సండేస్కూలు క్రిస్మస్, స్త్రీల క్రిస్మస్, సెమీ క్రిస్మస్, క్యారల్స్ వచ్చినప్పుడు టీ, బిస్కెట్లు, 25న బిర్యానీ, 31 రాత్రి కూడిక తర్వాత మళ్ళీ భోజనం! నెల రోజుల్లో ఏడెనిమిది పండుగలు చేస్తున్నాం. జనవరి మొదటి వారంలో మేము ఇళ్ళు దర్శించడానికి వెళితే, గ్రూపు లోను కట్టించుకునే మనిషి వచ్చాడేమో అనుకుని తలుపు తీయని ఇళ్ళు చూశాం. యేసయ్య పుట్టిన పండుగ మన తలుపులు మూయించకూడదు కదా!

అందుకే ఈ ఏడు వారాలవారీగా ఒక పద్ధతి పెట్టుకుందాం.

ఈ మొదటి వారం డబ్బు లెక్క. ఇంట్లో అందరూ కూర్చోండి, పిల్లలతో సహా. ఎంత ఉంది, అందులో తిండికి ఎంత, బట్టలకు ఎంత అని కాగితంమీద రాయండి. అప్పు తెచ్చి చేయాల్సిన వంట ఏదైనా ఆ కాగితంమీద ఉంటే దాన్ని కొట్టేయండి. వచ్చే జనవరి నుంచి సంఘంలో క్రిస్మస్ చీటీ మొదలుపెడదాం. వారానికి 50 రూపాయలు వేస్తే 50 వారాలకు 2,500 అవుతుంది. వడ్డీ లేని పండుగ అవుతుంది.

రెండో వారం, మూడో వారం పిండివంటలు. నిలవుండేవి ముందు, నిలవుండనివి చివర. గులాబీ పువ్వులు, కల్కల్స్ డబ్బాలో గాలి తగలకుండా పెడితే పండుగ దాటినా ఉంటాయి. అరిసెలకు బియ్యం ముందురోజే నానాలి, పిండి తడి ఆరకముందే పాకంలో కలపాలి, ఒకరు వత్తుతుంటే ఒకరు వేయించాలి, ఇంకొకరు నూనె పిండాలి. ఒంటరి మనిషి చేసే వంట కాదది. మూడు నాలుగు ఇళ్ళు కలిసి ఒకే పొయ్యిమీద చేసుకుంటే గ్యాసు, నూనె, నడుము మూడూ మిగులుతాయి.

నాలుగో వారం తేలికగా ఉండాలి. 23 రాత్రి దోసెపిండి రుబ్బి పెట్టుకుంటే 25 తెల్లవారుజాము ఆరాధన నుంచి రాగానే దోసె, కోడికూర సిద్ధం. 24 రాత్రే మాంసానికి మసాలా పట్టించి పెడితే ఇల్లాలు కూడా ఆరాధనలో చివరి పాట దాకా కూర్చోగలదు. ఏటా ప్రసంగం మధ్యలో లేచి ఇంటికి పరుగెత్తే అక్కలను మేము పుల్పిట్ మీదనుంచి చూస్తూనే ఉన్నాం. వాళ్ళకు వాక్యంమీద ఆసక్తి లేక కాదు, పొయ్యి పిలుస్తోంది.

ఇక్కడ అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మాట. మార్త, మరియల కథ చెప్పి, మార్తది తప్పు, మరియది ఒప్పు అని చాలా ప్రసంగాలు చేశాం. ప్రసంగం అయ్యాక మార్త వండిందే తిన్నాం. కానీ యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఏముంది? తిరిగి లేచిన ప్రభువు గట్టున నిప్పులు రాజేసి, వాటిమీద చేపలు పెట్టి, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా పనిచేసి అలసిపోయిన శిష్యులను తినడానికి పిలిచాడు. మరణాన్ని గెలిచిన చేతులకు వంట తక్కువ పని అనిపించలేదు. మన చేతులకు ఎందుకు అనిపిస్తోంది?

మొదలుపెట్టడానికి సులువైన వంట ఒకటి చెబుతాం. ఇది అనపకాయల కాలం. కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున వేళ్ళమధ్య పెట్టి పితికితే తోలు ఊడి పప్పు బయటికి వస్తుంది. పితికిపప్పు కూర, రాగి సంగటి. చిత్తూరు వైపునుంచి గనుల్లోకి వచ్చిన మన తాతలు తెచ్చిన రుచి, కోలారు మట్టి నిలబెట్టిన రుచి. పితకడానికి పెద్ద చదువు అక్కర్లేదు, రెండు వేళ్ళుంటే చాలు. మేము నేర్చుకున్న మొదటి పని కూడా ఇదే.

ఆ కూర పేరు ఎత్తాం కాబట్టి ఇక దాచకుండా చెప్పాలి.

నాలుగేళ్ళ క్రితం మన ప్రేమ విందుకు ఇంటికో వంట చేసి తెమ్మని మేమే ప్రకటించాం. అందరూ తెచ్చారు. బల్లమీద గిన్నెలన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ గిన్నె తెచ్చిన అక్క భర్త మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రంచేసే పనికి వెళతాడు. ఆమె తెచ్చింది పితికిపప్పు కూర. మూత తీసినవాళ్ళు లేరు. విందు అయ్యాక ఆమె ఆ గిన్నె కొంగుతో పట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాతి రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళితే ఆమె కోప్పడలేదు. "పాడైపోయిందేమో అనుకున్నానయ్యగారూ. ఇంటికొచ్చి రుచి చూశాను. బాగానే ఉంది" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మేమూ ఆ మూత తీయలేదు. అయ్యగారికని పెద్దలు వేరుగా వడ్డించి పెట్టిన పళ్ళెంలో తిన్నాం. ఆ రోజు ప్రసంగం ఇమ్మానుయేలు గురించి, దేవుడు మనతో ఉన్నాడని. ఆ అక్కతో కూర్చుని మాత్రం మేము లేము.

సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపే బెజవాడ విల్సన్ గారు 1966లో పుట్టింది ఈ కేజీఎఫ్‌లోనే. వాళ్ళ ఇంటివాళ్ళు ఈ లైన్లలో పాయిఖానాలు ఎత్తిన తెలుగు క్రైస్తవులే. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన ఊరి బిడ్డ అని గర్వపడ్డాం. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. కానీ ఆ పనిచేసిన ఇంటి కూరను ముట్టకపోవడాన్ని ఏ చట్టం పట్టుకుంటుంది? అది మనం మనకు మనమే పట్టుకోవాల్సిన పాపం.

గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పేతురు ఇదే తప్పు చేశాడు. అన్యజనులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేమునుంచి మనుషులు రాగానే మెల్లగా బల్లనుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటా అతన్ని నిలదీశాడు. తిండి చిన్న విషయం, సర్దుకుపోదాం అనలేదు. సువార్త సత్యానికే విరుద్ధం అన్నాడు.

మరుసటి ఏడు మనం పద్ధతి మార్చాం. ఇంటికో వంట మానేసి, బియ్యం, నూనె, ఉల్లిపాయలు పంచుకుని తెచ్చి మందిరం ఆవరణలోనే వండాం. కిలో బియ్యానికి కిలో కోడిమాంసం, ఎనిమిది మందికి. 120 మందికి పదిహేను కిలోలు. ఆ అక్కే గరిటె పట్టింది. రెండు కుటుంబాలు ఒంట్లో బాగాలేదని రాలేదు. విందు ఆగలేదు. ఇప్పుడు వాటిలో ఒక కుటుంబం వస్తోంది. రెండో కుటుంబం కోసం ఇంకా ప్రార్థిస్తున్నాం, ఇంకా మాట్లాడుతున్నాం.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. అందరి సరుకూ ఒకే డేగిసాలో కలిస్తే ఎవరి చేతి వంటో తెలియదు కదా, అందుకే తింటున్నామా? ఆ అక్క ఇంటికి వెళ్ళి, ఆమె పొయ్యిమీద ఉడికింది తింటామా? దానికి జవాబు కోసమే ఈ ఏడు ఇంకో అడుగు వేద్దామని కమిటీలో అనుకున్నాం. ఈ వారంతో మొదలుపెట్టి ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ ఇళ్ళ పేర్లు రాసి చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్ళింటికి ఆ వారంలో ఒక పూట భోజనానికి వెళ్ళాలి. మా పేరు కూడా అందులో ఉంటుంది. వంట హద్దు ముందే చెబుతున్నాం: సంగటి లేదా అన్నం, ఒక కూర, మజ్జిగ. అంతకుమించి చేయకూడదు. పోటీ ఉండకూడదు, అప్పు ఉండకూడదు. స్టీలు కంచాలు వేరే, ప్లాస్టిక్ ప్లేట్లు వేరే అని ఉండకూడదు.

25న షిఫ్టు ఉన్న అక్కలను మరవద్దు. కలిసి తినడానికి కూడినప్పుడు రావాల్సినవాళ్ళకోసం ఆగమని కొరింథు సంఘానికి పౌలు రాశాడు. ప్రేమ విందు వేళను వాళ్ళ షిఫ్టు చూసుకుని పెడదాం. అలా కుదరకపోతే, వాళ్ళ వంతు మొదట తీసిపెట్టి తర్వాత మనం తిందాం. అడుగున మిగిలింది కాదు, మొదట తీసింది.

ఇంకొక్క మాట, చివరిగా. మన తాతల క్రిస్మస్ అంటే గొడ్డుమాంసమే. గని కూలికి దొరికిన బలమైన తిండి అదే. కర్ణాటకలో 2020 నాటి చట్టంతో, పదమూడేళ్ళు దాటిన గేదెలు తప్ప పశువధ నేరమైంది. చట్టం గురించి ప్రశ్నలు అడిగే చోట అడుగుదాం. కానీ తమ్ముళ్ళారా, మీ అవ్వ తిన్న తిండిని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. స్నేహితుల ముందు ఆమె పళ్ళేన్ని దాచకండి. పళ్ళెం చూసి మనిషిని కొలిచే అలవాటు బయటివాళ్ళదని అంటాం. అది మన బల్ల దగ్గర కూడా కూర్చుని ఉంది. ముందు అక్కడినుంచి లేపుదాం.

ఇప్పుడు చీటీల డబ్బా తిప్పుతారు. యౌవనులు ముందు రండి. ఎవరి పేరు వచ్చినా ముఖంలో తేడా రానివ్వకండి. వచ్చిన పేరు ప్రభువు పిలిచిన ఇల్లు అనుకోండి. ఆయన కూడా మన ఇంట్లోకి పిలుపు లేకుండానే వచ్చాడు, మనం పెట్టిన తొట్టిలోనే పడుకున్నాడు.

ఆ అక్క ఈ సాయంత్రం ఇక్కడే ఉంది. ఈ మాటలు చెప్పడానికి ఆమె అనుమతి అడిగాం. "చెప్పండయ్యగారూ, కూర బాగుందని కూడా చెప్పండి" అంది. ఆ మరుసటి ఏడు మేము తిన్నాం. నిజంగానే చాలా బాగుంది.

ప్రభువు మన పొయ్యిలను, మన బల్లలను, మన చేతులను దీవించును గాక. ఆమేన్.