పిల్లవాని నేరం - పుట్టిన తేదీ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవాడు నేరం చేస్తే చట్టం ఏం చేస్తుందో చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము వకీళ్ళం కాము, బడిపంతుళ్ళం. అయినా ఈ విషయానికీ మా అడ్మిషన్ రిజిస్టరుకూ దగ్గర సంబంధం ఉన్నది. అందుకే ఒప్పుకున్నాము.

నాబాలిగ్ అనే మాట మనకు కొత్త కాదు. కాని మనవాళ్ళు మీసం చూసి, గొంతు విని 'బాలిగ్ అయ్యాడు' అంటారు. చట్టం తేదీ చూస్తుంది. 7 ఏళ్ళలోపు పిల్లవాడు ఏం చేసినా అది నేరమే కాదు. 7 నిండి 12 లోపయితే, చేసిన పని ఎటువంటిదో తెలుసుకునే బుద్ధి ఇంకా రాలేదంటే నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో ఇవి 82, 83 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 20, 21. 18 నిండనివారందరికీ 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. 1986 చట్టంలో మగపిల్లలకు హద్దు 16 మాత్రమే ఉండేది.

అటువంటి పిల్లవాణ్ణి పోలీసులు లాకప్పులో పెట్టరాదు, బేడీలు వేయరాదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. జామీను ఇవ్వడమే పద్ధతి. చెడ్డవాళ్ళ చేతిలో పడతాడనో, వానికి ప్రమాదమనో, న్యాయానికి అడ్డనో తోస్తేనే ఆపుతారు. నేరం రుజువైనా, మందలించి ఇంటికి పంపడం మొదలు మహా అయితే మూడేళ్ళు స్పెషల్ హోంలో ఉంచడం వరకే. ఇది తెలియక మన తల్లిదండ్రులకు ఠాణా మెట్లెక్కేసరికే కాళ్ళు వణుకుతాయి.

2012 ఢిల్లీ ఘోరం తరువాత ఒక మార్పు వచ్చింది. 16 నిండినవానిపై ఘోర నేరం, అంటే కనీస శిక్షే ఏడేళ్ళున్న నేరం, మోపబడితే, బోర్డు వాని తెలివిడిని పరిశీలించి పెద్దవానిలా విచారించేందుకు చిల్డ్రన్స్ కోర్టుకు పంపవచ్చు. ఉరి మాత్రం లేదు. కాని 21 నిండాక జైలుకు పోవలసి రావచ్చు.

ఇంతకీ ఆ వయసు తేలేది ఎట్లా? మొదట బడి ఇచ్చిన సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. ఏదీ లేకుంటే ఎముకల పరీక్ష. అందులో రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చునని సుప్రీంకోర్టు 1982లోనే అన్నది.

మరి మన సంగతి? "బక్రీదు వెళ్ళిన వారానికి పుట్టాడు మాస్టర్‌సాబ్" అంటుంది తల్లి. ఏ ఏటి బక్రీదమ్మా? ఆ పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుందాయె! కొందరు ఒకటో తరగతిలో చేర్చే తొందరలో ఒక ఏడు పెంచి చెబుతారు. ఆ ఏడే తరువాత పదిహేనేళ్ళవాణ్ణి కాగితం మీద 16 దాటిస్తుంది, పదిహేడేళ్ళవాణ్ణి జైలు గేటు దాటిస్తుంది. పంక్చర్ షాపుల్లో పెరిగే పిల్లలకైతే ఆ కాగితమూ లేదు, ఎముకలే సాక్ష్యం.

పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికీ జనన పత్రమే ఆధారం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ దరఖాస్తులు మేము రాసిపెడతాము. మూడో తరగతిలో మానేసినవాడైనా సరే, ఆ బడికి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఇప్పటికే కేసులో ఉన్న పిల్లవాడుంటే, నేరం జరిగిననాటికి 18 నిండలేదని ఏ కోర్టులోనైనా, తీర్పయ్యాక కూడా చెప్పుకోవచ్చు.