రేపల్లె నుంచి గుణదల: తెనాలిలో కలిసే దారి

"అన్నా, గుణదల వీడియో ఎప్పుడు?" అని తెనాలి, బాపట్ల వాళ్లు తెగ అడుగుతున్నారు కదా, ఇదిగో.

ముందు మ్యాప్ చూడండి. బాపట్ల మెయిన్ లైన్ మీద ఉంది, రేపల్లె బ్రాంచ్ లైన్‌కి చివరి స్టేషన్. రెండూ కలిసేది తెనాలిలో. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటాక ఎడమవైపు కిటికీ పట్టుకోండి. బ్రిడ్జి మీద నుంచి 1957 నాటి ప్రకాశం బ్యారేజీ, పక్కనే దుర్గమ్మ కొండ కనిపిస్తాయి. మేరీమాత కొండ ఊరికి అటువైపు. బెజవాడలో రెండు కొండలు, ఇద్దరమ్మలు!

1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దులో, ఒక గుహ దగ్గర, బెర్నడెట్ అనే పద్నాలుగేళ్ల పేదింటి అమ్మాయికి మేరీమాత కనిపించిందని కాథలిక్కుల నమ్మకం. ఫాదర్ ఆర్లాటి 1924లో గుణదల కొండ మీద ఆ లూర్దు మాత విగ్రహం పెట్టించారు. అందుకే తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11. కొండ పైన శిలువ కూడా ఉంది, చాలామంది అక్కడిదాకా ఎక్కుతారు.

ఇక్కడ కొవ్వొత్తులతో పాటు కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. హిందువులూ వస్తారు. "ఇదేం క్రైస్తవం?" అని కామెంట్లు పెట్టే వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: లూర్దు నుంచి వచ్చిన అమ్మకి మనవాళ్లు తమకి తెలిసిన పద్ధతిలోనే ఇచ్చుకున్నారు. నాకందులో తప్పేం కనపడలేదు.

మాది రేపల్లె దగ్గర లూథరన్ ఇల్లు. 1842లో హయ్యర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ తాలూకు చర్చి మాది. మాలో మరియమ్మకి మొక్కుకోవడం లేదు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసినప్పుడు మా నాన్నమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా గుణదలకి మొక్కేసింది, వీడికి మళ్లీ ఉద్యోగం రావాలని. రాలేదు. నేను అప్లై చేస్తేగా! "నీ జాబ్ సంగతి అమ్మ చూసుకుంటది, నా మోకాళ్లు ఆగవురా" అని బయల్దేరదీసింది. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే స్టేషన్‌లో దింపాడు.

ఆవిడ శిలువ దాకా ఎక్కలేకపోయింది. మాత గుహ దగ్గరే కూర్చుని, కొవ్వొత్తి నా చేతికిచ్చి పైకి పంపింది. ఏం మొక్కుకున్నానో అడగలేదు, నేనూ చెప్పలేదు.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఆ మూడు రోజులూ వదిలేయండి, జనం విపరీతం. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే మెట్ల మీద ఆగి ఆగి ఎక్కొచ్చు. వాటర్ బాటిల్ మర్చిపోకండి. బాపట్ల నుంచి వెళ్లినవాళ్లు మీ దారెలా ఉందో కామెంట్‌లో చెప్పండి, ఉంటాను మరి.