తలుపు తెరచువారు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్నచో, అన్నినాళ్లు ఎవరో ఒకరు దాని తలుపు తెరచుచునే యున్నారని అర్థము. భవనమును గూర్చియు, గ్రంథములను గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. నేను ఆ తలుపు తెరచు మనిషిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

గ్రంథపాలకుడు, రాత్రిబడి ఉపాధ్యాయుడు, అక్షరాస్యతా కార్యకర్త: పేర్లు వేరు, పని యొక్కటే. వీరు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊర ఒంటరిగా శ్రమించుచుందురు. వల బరువైనపుడు కేక వినబడు దూరమున మరొక పడవ యుండవలెనని ఈ తీరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సత్యమును మన పూర్వులు గుర్తించిరి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణముపోసిరి. సంఘము పక్షమున ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రిక వెలువడినది. ఒక ఊరి అనుభవము మరొక ఊరికి అందినది. 1935లో శ్రీ పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువపై పడవలో పుస్తకములను నడిపించిరి.

మన నెల్లూరు జిల్లా సంగతి మరింత దగ్గరిది. 1991లో ‘అక్షరదీపము’ వెలిగినపుడు కార్యకర్తలకు శిక్షణ యుండెను. గ్రామమునకు, మండలమునకు, జిల్లాకు నడుమ సంబంధ ముండెను. రాత్రి తరగతులలో చదివిన సీతమ్మ కథ స్త్రీలను ఆలోచింపజేసినది. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చినది. కలసి పనిచేసిన కార్యకర్తల బలమట్టిది.

అయితే ఉద్యమము ముగియగానే కార్యకర్తలు చెదరిపోయినచో ఏమగును? పుస్తకము దొరకని క్రొత్త చదువరి అక్షరము మరచును.

2008లో మన యొడ్డున క్రొత్త రేవు ప్రారంభమైనది. వేట, ఉప్పు, రొయ్యల గుంటలు ఎరిగిన ఇండ్లకు దరఖాస్తులు, ఒప్పందములు వచ్చినవి. “అయ్యా, ఈ కాగితములో ఏమున్నదో చెప్పుడు. వేలిముద్ర వేయవచ్చునా?” అని ఒకడు వచ్చినపుడు గ్రంథపాలకుడు ఏమి చెప్పవలెను? తనకు తెలియనిచో ఎవరి నడుగవలెను? తప్పు చెప్పినచో నష్టపోవునది ఆ కుటుంబము.

కావున నా మనవి ఇది. కృష్ణపట్నము, ముత్తుకూరు చుట్టుపట్ల గ్రంథాలయముల వారు, బడి పంతుళ్లు, వయోజన విద్య నెరపువారు నెలకొక పర్యాయము ఒకచోట కూడుడు. మీకు ఎదురైన ప్రశ్నలను ఒక పుస్తకములో వ్రాసి తెండు. ఒకరి గ్రంథములను మరొకరు మార్చుకొనుడు. ప్రతివారు ఒక యువకునకో యువతికో పని నేర్పుడు. అపుడు ఒకరు తప్పుకొన్నను తలుపు మూతపడదు.

స్వర్ణోత్సవమునాడు ఈ వేదికపై మాట్లాడువారు నేడు మీ ముందు వరుసలో కూర్చున్న పిల్లలే కావలెనని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.